నూరు శాతం దాటిన ఆమ్లం: ఓలియం ఎందుకు పొగలు కక్కుతుంది, ఎలా తయారవుతుంది

సల్ఫ్యూరిక్ ఆమ్లం గాఢత 104.5 శాతం అని ఎక్కడైనా రాసి ఉంటే అచ్చుతప్పు అనుకోవడం సహజం. వందకి వంద భాగాలూ ఆమ్లమే అయ్యాక ఆ పైన నాలుగున్నర ఎక్కడినుంచి వస్తుంది? కానీ అది తప్పు కాదు. ఆమ్లాల పరిశ్రమలో రోజూ వాడే లెక్కే అది. ఆ అంకె ఉన్న ద్రవాన్ని ఓలియం అంటారు. పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం అన్నా అదే.

లెక్క కష్టమేమీ కాదు. వంద కిలోల 20 శాతం ఓలియంలో 80 కిలోలు అసలైన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. మిగతా 20 కిలోలు అందులో కలిసిపోయి ఉన్న సల్ఫర్ ట్రై ఆక్సైడ్. ఈ ట్రై ఆక్సైడ్ నీటితో కలిస్తే మళ్లీ సల్ఫ్యూరిక్ ఆమ్లమే అవుతుంది. 80 కిలోల ట్రై ఆక్సైడ్‌కి సరిగ్గా 18 కిలోల నీళ్లు కావాలి కాబట్టి, 20 కిలోలకి నాలుగున్నర కిలోలు చాలు. ఆ నీళ్లు కలిపితే (కాగితం మీద మాత్రమే, నిజంగా పోస్తే ఏమవుతుందో తర్వాత చూద్దాం) 104.5 కిలోల నూరు శాతం ఆమ్లం చేతికొస్తుంది. అంకె అక్కడినుంచి వచ్చింది. ఇదే లెక్కన 65 శాతం ఓలియం 114.6 అవుతుంది. ఆమ్లమే లేకుండా ఒట్టి ట్రై ఆక్సైడ్ అయితే 122.5. అంటే నూరు దాటిన ఈ భాగం ఆ ద్రవానికి ఇంకా ఎంత నీటి దాహం మిగిలి ఉందో చెబుతుందన్నమాట.

ఓలియం గురించి వినిపించే వింతలన్నీ ఈ తీరని దాహం దగ్గరే మొదలవుతాయి. దాని పొగ, గడ్డకట్టే తీరు, తయారీలో తిరగాల్సిన చుట్టుదారి, ప్రమాదం జరిగినప్పుడు కమ్ముకునే తెల్లటి మేఘం, అన్నిటికీ మూలం ఒకటే. ఆమ్లంలో ఉన్నా ఆమ్లంగా మారని, వదిలితే ఎగిరిపోవడానికి చూసే ట్రై ఆక్సైడ్.

ముందు పొగ సంగతి. ఓలియం సీసా మూత తీస్తే లోపల కనిపించేది రంగు లేని, నూనెలా చిక్కని ద్రవం. కాస్త మలినం ఉంటే లేత గోధుమ రంగులో ఉంటుంది. లాటిన్‌లో ఓలియం అంటే నూనె అనే అర్థం. చేతికెత్తుకుంటే మాత్రం నూనె కాదని వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అదే కొలత నీటికన్నా దాదాపు రెట్టింపు బరువు. మూత తీసిన క్షణంలో తెల్లటి పొగ మొదలయ్యేది ద్రవం మీద కాదు, సీసా మూతి దగ్గర, బయటి గాలి తగిలే చోట. ద్రవం నుంచి పైకి లేచే ట్రై ఆక్సైడ్ ఆవిరి కంటికి కనబడదు. గాలిలోని తేమ తగిలిన చోటే అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి, అతి సన్నని తుంపరగా తేలుతుంది. మనం పొగ అంటున్నది ఆ తుంపరనే. ఏదీ కాలడం లేదు, కాబట్టి మాటవరసకే పొగ. గాలిలో తేమ ఎక్కువున్న రోజున అదే సీసా ఎక్కువ పొగ కక్కుతుంది.

మామూలు 98 శాతం ఆమ్లం ఇలా ఎందుకు చేయదు? అందులోని ట్రై ఆక్సైడ్ అంతా నీటితో గట్టిగా ముడిపడి ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర దానిమీద నీటి ఆవిరీ నామమాత్రమే, ట్రై ఆక్సైడ్ ఆవిరీ నామమాత్రమే. 98.3 శాతం దగ్గర ఈ రెండూ కలిపి అతి తక్కువగా ఉంటాయి. ఈ అంకె గుర్తుంచుకోవాలి, ఫ్యాక్టరీలో మళ్లీ దీనితోనే పని పడుతుంది.

ఓలియం అంటే ఆమ్లంలో గ్యాస్ కరిగిన ద్రావణం అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. ఆమ్లం అణువు, ట్రై ఆక్సైడ్ అణువు ఒకటికొకటి చేయి కలిపితే పైరోసల్ఫ్యూరిక్ ఆమ్లం అనే కొత్త పదార్థం వస్తుంది. డైసల్ఫ్యూరిక్ ఆమ్లం అన్నా అదే. రెండూ సమాన సంఖ్యలో ఉంటే ఓలియం బలం 45 శాతం దగ్గరకు వస్తుంది. అక్కడ ద్రవం స్వభావమే మారిపోతుంది, మామూలు వాతావరణంలోనే గడ్డకట్టి కూర్చుంటుంది. పైరోసల్ఫ్యూరిక్ ఆమ్లం కరిగేది 36 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరి.

గడ్డకట్టే ఉష్ణోగ్రతల గ్రాఫ్ గీస్తే అది కొండలూ లోయలుగా కనిపిస్తుంది. నూరు శాతం ఆమ్లం 10 డిగ్రీలు దాటగానే కరుగుతుంది. ట్రై ఆక్సైడ్ కలుపుతూ పోతే ఆ ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది. తర్వాత ఎక్కడం మొదలుపెట్టి 45 శాతం దగ్గర శిఖరం చేరుతుంది. 60 శాతం దాటాక మళ్లీ సున్నాకి కాస్త అటూఇటూగా దిగుతుంది, ఆపైన మళ్లీ ఎక్కుతుంది. మార్కెట్లో దొరికే ఓలియం రకాలు 20 నుంచి 30 శాతం లోపు, లేదంటే ఏకంగా 65 శాతం ఉండటానికి కారణం ఈ గ్రాఫే. కొనేవాడికి 45 శాతమే కావాలన్నా ఎవరూ ట్యాంకర్లో పంపరు. దారిలోనే ట్యాంకర్ నిండా రాయిలా బిగుసుకుపోతే దాన్ని దించడం పెద్ద టెన్షన్. ఒక రసాయనం ఏ బలంతో అమ్మాలో వాడకందారు అవసరం కాకుండా వాతావరణం నిర్ణయించడం కాస్త విచిత్రమే.

ఒట్టి ట్రై ఆక్సైడ్ ఇంకా మొండిది. దాని ద్రవం 44.8 డిగ్రీలకే మరుగుతుంది, 17 డిగ్రీల లోపు గడ్డకడుతుంది. పిసరంత తేమ తగిలిందా, అణువులు గొలుసులుగా అల్లుకుని 62 డిగ్రీల దాకా కరగని పీచు లాంటి స్ఫటికాలవుతాయి. అంటే కరిగే ఉష్ణోగ్రత మరిగే ఉష్ణోగ్రత కన్నా పైకి పోయింది. అలా గడ్డకట్టిన పాత్రను వేడి చేస్తే కరుగుతూనే ఆవిరై ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ట్రై ఆక్సైడ్‌ను ఒట్టిగా నిల్వ చేయడం కంటే ఓలియం రూపంలో ఆమ్లం ఒడిలో దాచడమే మేలని పరిశ్రమ అనుకోవడానికి ఇదొక కారణం.

విశేషమేమిటంటే చరిత్రలో ఓలియం మామూలు ఆమ్లానికి తమ్ముడు కాదు, దాదాపు అన్న. అన్నభేదిని, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌ను, ఆరబెట్టి మట్టి పాత్రల్లో గట్టిగా కాల్చితే సల్ఫర్ ఆక్సైడ్లు ఆవిరిగా బయటికొస్తాయి. పాత్రలో ఎర్రటి ఇనుప ఆక్సైడ్ మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే వచ్చేదే పొగలు కక్కే నూనె. జర్మనీలో హార్జ్ కొండల దగ్గరున్న నార్డ్‌హౌజెన్ ఊరు దీనికి ఎంత పేరు పడిందంటే, దీన్ని నార్డ్‌హౌజెన్ ఆమ్లం అనేవారు. తర్వాత బొహీమియా ఈ వ్యాపారంలో పైచేయి సాధించింది. కట్టెలో బొగ్గో బాగా తగలేస్తే కొద్దిపాటి సరుకు వచ్చే పద్ధతి, అందుకే ధర మండిపోయేది. అయినా కొనేవాళ్లు కొన్నారు. నీలిమందును నీళ్లలో కరిగేలా చేయడానికి ఇంతకు మించిన ద్రవం లేదు. 18వ శతాబ్దంలో యూరప్‌లో సాక్సన్ నీలం అనే రంగు వెనుక ఉన్న రసాయనం ఇదే.

1746లో జాన్ రోబక్ బర్మింగ్‌హామ్‌లో సీసపు గదుల పద్ధతి (సీసం రేకులు పరిచిన గదుల్లో ఆమ్లం తయారు చేయడం) మొదలుపెట్టాక మామూలు సల్ఫ్యూరిక్ ఆమ్లం చవకైపోయింది. ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది. గదుల్లోంచి వచ్చే ఆమ్లంలో మూడో వంతుకు పైగా నీళ్లే. ఆమ్లాన్ని చిక్కబరిచే గ్లోవర్ టవర్ దాటించినా 78 శాతం దగ్గర ఆగిపోయేది. నీళ్లున్న చోట స్వేచ్ఛగా ట్రై ఆక్సైడ్ మిగలదు కదా. అందుకే వందేళ్లు గడిచినా ఓలియం కావాలంటే అన్నభేది కాల్చడమే గతి.

ఈ స్థితిని మార్చింది రంగుల పరిశ్రమ. 1869లో మంజిష్ఠ వేరులోని ఎరుపు రంగు అలిజరిన్‌ను తారు నుంచి తీసే పదార్థంతో తయారు చేయడం తెలిసింది. అందులో ఆంత్రాక్వినోన్ అనే పదార్థాన్ని సల్ఫోనేట్ చేయడానికి, అంటే దాని అణువుకు గంధకపు ఆమ్ల ముక్కను అతికించడానికి, మామూలు ఆమ్లం సరిపోదు, ఓలియం కావాలి. గిరాకీ ఒక్కసారిగా లేచింది. సల్ఫర్ డై ఆక్సైడ్‌నీ గాలినీ వేడి ప్లాటినం మీదుగా పంపితే నేరుగా ట్రై ఆక్సైడ్ వస్తుందని బ్రిస్టల్‌కు చెందిన వినిగర్ వ్యాపారి పెరిగ్రిన్ ఫిలిప్స్ 1831లోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో దాంతో ఎవరికీ అవసరం పడలేదు. 1875 ప్రాంతంలో జర్మనీలో క్లెమెన్స్ వింక్లర్, లండన్‌లో స్క్వయర్, రుడాల్ఫ్ మెసెల్ ఆ ఆలోచనను దుమ్ము దులిపి బయటికి తీశారు. పదకొండేళ్ల తర్వాత జెర్మేనియం మూలకాన్ని కనిపెట్టినవాడు ఈ వింక్లరే. అంతటివాడూ ఇక్కడ ఒక పొరపాటు చేశాడు. రెండు పాళ్ల డై ఆక్సైడ్‌కి ఒక పాలు ఆక్సిజన్, సమీకరణంలో ఉన్నట్టే కచ్చితంగా ఇవ్వాలన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నేళ్లు అందరూ కచ్చితమైన పాళ్ల వెంటే పడ్డారు. గాలి ఎక్కువ ఇస్తేనే మార్పు ఎక్కువ జరుగుతుందనీ, గ్యాస్‌లో ఆర్సెనిక్ ఆనవాళ్లున్నా ప్లాటినం చచ్చుబడిపోతుందనీ, ముఖ్యంగా ఉత్ప్రేరకాన్ని, అంటే చర్యను వేగంగా నడిపించే ఆ ప్లాటినాన్ని, చల్లబరుస్తూ ఉండాలనీ వివరంగా తేల్చింది జర్మనీ రసాయన కంపెనీ బాస్ఫ్ (BASF)లో పనిచేసిన రుడాల్ఫ్ క్నీట్ష్. ఆయన తన ఫలితాలను 1901లో బయటపెట్టాడు.

అదే బాస్ఫ్ 1897లో కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చింది. దానికి కావలసిన థాలిక్ అన్‌హైడ్రైడ్‌ను నాఫ్తలీన్‌ను ఓలియంతో కాచి తీసేవారు. పని చాలా నెమ్మదిగా సాగేది. ఒకసారి ఆ పాత్రలో థర్మామీటర్ పగిలి పాదరసం పడేసరికి చర్య ఊపందుకుందని, పాదరసమే ఉత్ప్రేరకమని అలా తెలిసిందని రసాయన చరిత్రలో చెప్పుకుంటారు. ఒకప్పుడు నీలిమందును కరిగించడానికి పనికొచ్చిన ద్రవం చివరికి పొలంలో నీలిమందు పండించే పనే లేకుండా చేసింది.

ఇక ఇప్పటి ఫ్యాక్టరీ. ప్లాటినం పోయి, 20వ శతాబ్దం మొదటి భాగంలోనే వెనేడియం పెంటాక్సైడ్ వచ్చింది. చవక, ఆర్సెనిక్‌కి అంత తేలిగ్గా లొంగదు. గంధకాన్ని కరిగించి కొలిమిలో చల్లి మండిస్తారు. అయితే దానికిచ్చే గాలిని ముందే 98 శాతం ఆమ్లంతో కడిగి తేమంతా పీల్చేస్తారు. తేమ మిగిలితే ముందు ముందు ట్రై ఆక్సైడ్‌తో కలిసి తుంపర అవుతుంది, గొట్టాలను తినేస్తుంది. కొలిమి నుంచి వెయ్యి డిగ్రీల దగ్గర వచ్చే గ్యాస్‌లో పదో వంతు డై ఆక్సైడ్. దాని వేడితో బాయిలర్లో ఆవిరి తీసి, గ్యాస్‌ను 420 డిగ్రీల దగ్గరికి చల్లార్చి, ఉత్ప్రేరకం పొరలున్న కన్వర్టర్లోకి పంపుతారు. గంధకం మండేటప్పుడూ, డై ఆక్సైడ్ ట్రై ఆక్సైడ్ అయ్యేటప్పుడూ, చివరికి ఆమ్లమయ్యేటప్పుడూ వేడి వస్తూనే ఉంటుంది. ఆమ్లం ఫ్యాక్టరీని సగం పవర్ ప్లాంట్ అనడంలో అతిశయోక్తి లేదు.

కన్వర్టర్లో ఒక పేచీ ఉంది. వేడి తగ్గితే ఉత్ప్రేరకం మేలుకోదు. వేడి పెరిగితే వచ్చిన ట్రై ఆక్సైడ్ మళ్లీ వెనక్కి విరిగిపోతుంది. పైగా చర్యే వేడి పుట్టిస్తుంది. మొదటి పొర దాటేసరికి గ్యాస్ 600 డిగ్రీల దాకా పోతుంది, మార్పు మూడింట రెండు వంతుల దగ్గర నిలిచిపోతుంది. అందుకే గ్యాస్‌ను బయటికి తీసి చల్లార్చి రెండో పొరకి, మళ్లీ చల్లార్చి మూడో పొరకి పంపుతారు. 1960ల నుంచి మధ్యలోనే ఒకసారి ట్రై ఆక్సైడ్‌ను పీల్చేసి, మిగిలిన గ్యాస్‌ను చివరి పొరకు పంపే పద్ధతి వచ్చింది. దాంతో మార్పు 98 శాతం నుంచి 99.7 దాటింది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చిమ్నీ నుంచి పోయే డై ఆక్సైడ్ 2 శాతం నుంచి 0.3కి దిగిందంటే ఆరో వంతుకన్నా తక్కువైందని అర్థం.

ట్రై ఆక్సైడ్ చేతికొచ్చింది, నీళ్లలో కలిపేస్తే ఆమ్లం వస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే సీసా మూతి దగ్గర చూసిన పొగ అడ్డొస్తుంది. నీటి మీద ఎప్పుడూ నీటి ఆవిరి ఉంటుంది. ట్రై ఆక్సైడ్ ద్రవాన్ని చేరకముందే ఆ ఆవిరితో కలిసి తుంపరైపోతుంది. ఒకసారి తుంపరైతే దాన్ని పట్టుకోవడం కష్టం, గ్యాస్‌తో పాటు తేలుతూ నీటి జల్లును కూడా దాటుకుని చిమ్నీ ఎక్కేస్తుంది. అందుకే నీళ్ల బదులు 98.3 శాతానికి దగ్గరగా ఉన్న ఆమ్లంలో పీలుస్తారు. దానిమీద నీటి ఆవిరీ లేదు, ట్రై ఆక్సైడ్ ఆవిరీ లేదు. బలం పెరిగిన ఆమ్లానికి తర్వాత కొలిచి నీళ్లు కలుపుతారు.

ఓలియం కావాలంటే ఈ టవర్‌కి ముందు ఇంకో టవర్ పెడతారు. పైనుంచి ఓలియమే జల్లుగా పడుతుంటుంది, కింద నుంచి గ్యాస్ ఎక్కుతుంటుంది. ద్రవం ట్రై ఆక్సైడ్‌ను పట్టుకుని బలపడుతుంది. అలా పెరిగిపోకుండా పక్క టవర్ నుంచి 98 శాతం ఆమ్లం కొద్దికొద్దిగా వదిలి బలాన్ని నిలబెడతారు, ఎక్కువైన ఓలియం ట్యాంకుకి పోతుంది. ఇక్కడ గ్యాస్‌లోని ట్రై ఆక్సైడ్ అంతా దిగదు, చాలా వాటా తప్పించుకుంటుంది. ఓలియానికి తనదంటూ ట్రై ఆక్సైడ్ ఆవిరి ఉంటుంది. గ్యాస్‌లో పది శాతం లోపే ట్రై ఆక్సైడ్ ఉన్నప్పుడు, ద్రవం మీది ఆవిరి ఆ స్థాయికి చేరగానే ఇక పీల్చుకోవడం ఆగిపోతుంది. అందుకే ఓలియం టవర్ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, తప్పించుకున్నది పట్టుకోవడానికి వెనక 98 శాతం టవర్ తప్పనిసరి. 35 శాతం దాటిన ఓలియాన్ని ఈ దారిలో తీయడం కష్టం కావడానికీ కారణం అదే.

మరి 65 శాతం ఎలా? తయారైన ఓలియాన్నే వేడి చేసి, అందులోంచి ట్రై ఆక్సైడ్‌ను స్వచ్ఛమైన ఆవిరిగా వెళ్లగొడతారు. దాన్ని చల్లార్చి ద్రవం చేసి, వేరే ఓలియంలో కలుపుతారు. ట్రై ఆక్సైడ్ పోగొట్టుకున్న ఓలియం మళ్లీ టవర్‌కి వెళ్లి నింపుకొస్తుంది. చల్లార్చే చోట ఉష్ణోగ్రత విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎక్కువ చల్లారితే గొట్టాల్లో గడ్డకడుతుంది, తక్కువైతే ద్రవం కాదు.

పాత్రల లోహం విషయంలోనూ అనుభవం మీద నేర్చుకున్న పాఠం ఒకటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఏళ్ల తరబడి మోసిన పోత ఇనుము ఓలియం దగ్గర నమ్మకంగా ఉండదు. ఓలియం దానిలోని గ్రాఫైట్ రేకుల వెంబడి లోపలికి పాకి, సిలికాన్‌ను ఆక్సీకరిస్తుంది. ఆ పుట్టిన పదార్థం ఉబ్బి లోహాన్ని లోపలినుంచి చీలుస్తుంది. పైకి తుప్పు కనబడదు, ఒకరోజు పగులుతుంది. అందుకే ఓలియం లైన్లకు ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు.

ఇంత తంటాలు పడి ఎందుకంటే, దాహమే దీని ఉపయోగం. నైట్రేషన్ చర్యల్లో, అంటే అణువుకు నైట్రో ముక్కను అతికించే చర్యల్లో, నీరు పుడుతుంది, ఆ నీరు చర్యను నీరుగారుస్తుంది. ఓలియం దాన్ని పుట్టినచోటే మింగేస్తుంది. పేలుడు పదార్థాల పరిశ్రమకు మొదట్నుంచీ ఓలియం అవసరం పడింది ఇందుకే. నైలాన్ 6కి మూలమైన కాప్రోలాక్టమ్ తయారీలో సైక్లోహెక్సనోన్ ఆక్సైమ్‌ను ఓలియంలోనే మార్చుతారు. రంగులు, మందుల తయారీలో సల్ఫోనేషన్‌కి ఇది నిత్యావసరం. వాడి పలచబడిన ఆమ్లంలో కాస్త ఓలియం కలిపి తిరిగి బలం తెప్పించుకోవడం కూడా మామూలే.

అదే దాహం అదుపు తప్పితే? ఒక మోల్ ట్రై ఆక్సైడ్, అంటే 80 గ్రాములు, నీటితో కలిస్తే సుమారు 130 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఓలియంలో నీళ్లు పోస్తే నీరు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని చుట్టూ చిమ్ముతుంది. చర్మం మీద పడితే ఒకేసారి నీటిని లాగేస్తుంది, కాలుస్తుంది. ఇక తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకి ముప్పు. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న తుంపరలకు చాలాకాలం గురికావడం మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే వర్గీకరించింది.

ఓలియం పేరు మామూలు జనానికి తెలిసింది మాత్రం ప్రమాదాల వల్లే. భోపాల్ దుర్ఘటనకు ఏడాది నిండిన వెంటనే, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారంలో ఓలియం ట్యాంకును మోస్తున్న కట్టడం కూలి ట్యాంకు పగిలింది. ఆ గాలి పీల్చి ఒక న్యాయవాది చనిపోయాడని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన ఆ కేసులో 1986 డిసెంబర్ 20న జస్టిస్ పి.ఎన్.భగవతి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు హాని జరిగితే ఏ మినహాయింపూ లేకుండా బాధ్యులని చెప్పింది. సంపూర్ణ బాధ్యత సూత్రం అని న్యాయవిద్యార్థులు చదివేది ఇదే. ఈ కేసును ఓలియం గ్యాస్ లీక్ కేసు అంటుంటారు. నిజానికి ఓలియం గ్యాస్ కాదు. కారింది ద్రవం, ఊరి మీదికి పోయింది దానిలోంచి లేచిన ట్రై ఆక్సైడ్, తేమతో కలిసి అయిన తుంపర.

1993 జులై 26న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జరిగింది ఇంకో రకం. రైలు ట్యాంకర్‌లోని ఓలియాన్ని దించడానికి ఆవిరితో వేడి చేస్తుండగా లోపలి ఒత్తిడి పెరిగి, రక్షణ కోసం పెట్టిన బిళ్ల పగిలింది. గంటల తరబడి తెల్లటి మేఘం ఊరి మీదికి పాకింది. ఇరవై వేల మందికి పైగా ఆస్పత్రుల దారి పట్టారు. చల్లగా ఉంటే చిక్కబడి కదలదు, వేడెక్కితే ట్రై ఆక్సైడ్ లేచిపోతుంది. దించడానికి వీలైన వేడికీ పేలడానికి చాలిన వేడికీ మధ్య దూరం ఎక్కువ లేదు.

ఓలియం ఒలికితే నీటి పైపు ఎత్తుకోవడం మనిషి చేతికి సహజంగా వచ్చే పని, ఇక్కడ అదే చేయకూడనిది. ఒలికిన ద్రవం మీద నేరుగా నీటి ధార పడితే మేఘం ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుకతో కట్టడి చేసి, గాలికి ఎదురు దిక్కుగా జనాన్ని తప్పిస్తారు. సబ్బు పొడుల పరిశ్రమ ఒకప్పుడు ట్యాంకర్ల కొద్దీ ఓలియం కొనేది. ఇప్పుడు చాలాచోట్ల గంధకపు గడ్డలే తెప్పించుకుని, తమ ఆవరణలోనే మండించి ట్రై ఆక్సైడ్ గ్యాస్ తీసి, పలచగా జారే ముడిసరుకు నూనె పొర మీద అప్పటికప్పుడు వాడేస్తున్నారు. వాడిపారేసిన ఆమ్లం మిగలదు, నిల్వ ట్యాంకు అక్కర్లేదు. దారిలో గంధకం ఒలికినా పార పెట్టి ఎత్తేయవచ్చు.